ఉజిత్సే పట్టణ కేంద్రం: ముందు చౌక్, ఆ తర్వాతే హోటల్

బెల్‌గ్రేడ్‌లో ఉద్యోగం చేస్తూ పశ్చిమ సెర్బియాలోని ఉజిత్సేకు వెళ్లబోతున్న మీరు మూడు సంగతులు అడిగారు. అక్కడి కాంక్రీటు భవనాలు సోవియట్ నమూనాకు నకళ్లేనా, ఫోటోల్లో తరచూ కనిపించే రాకెట్ ఆకారపు హోటల్ తప్ప చూడదగినది ఇంకేమైనా ఉందా, ఇవన్నీ ఇంతగా పాడుబడినట్టు ఎందుకు కనిపిస్తున్నాయి అన్నవి మీ ప్రశ్నలు. పాత భవనాల పరిరక్షణ పనిలో చాలాకాలంగా ఉన్నవాడిగా, సెర్బియా ఒకప్పుడు భాగంగా ఉన్న యుగోస్లావియా కాలపు కట్టడాలపై ప్రత్యేకమైన ఆసక్తి ఉన్నవాడిగా, నాకు తెలిసినంత వివరంగా చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పాలంటే, ఆ ఊళ్లో అసలైన గొప్ప పని హోటల్ కాదు, దానికి ఇరవై ఏళ్ల ముందు పూర్తయిన చౌక్.

మొదట సోవియట్ మాట. తూర్పు ఐరోపాలో కాంక్రీటు కనిపించగానే మాస్కో గుర్తుకు రావడం సహజమే గాని, యుగోస్లావియా విషయంలో అది తప్పుదారి పట్టిస్తుంది. 1948 జూన్ 28న సోవియట్ నాయకత్వంలోని కమ్యూనిస్టు పార్టీల కూటమి కామిన్‌ఫార్మ్ యుగోస్లావియాను బహిష్కరించింది. స్తంభాలూ, కార్నిసులూ, శిఖరాలతో కూడిన స్టాలిన్ కాలపు శైలి ఇక్కడి పట్టణాల్లో వేళ్లూనుకోవడానికి అంతకుముందు దొరికిన వ్యవధి మూడేళ్లే. మాస్కోలో శిఖరాల విశ్వవిద్యాలయ భవనం 1953లో పూర్తయ్యేనాటికి యుగోస్లావ్ ఆర్కిటెక్టులు ఆ దారిని వదిలేసి, యుద్ధానికి ముందే తమకు పరిచయమైన ఆధునిక వాస్తుశిల్పానికి తిరిగివచ్చారు. వారిలో ఎడ్వర్డ్ రావ్నికార్, యురై నైథార్ట్ వంటి కొందరు ఆధునిక వాస్తుశిల్పానికి ఆద్యుల్లో ఒకరైన లె కోర్బూజియే పారిస్ కార్యాలయంలోనే పనిచేసినవారు. కాబట్టి మీరు చూడబోయేది మాస్కో నుంచి వచ్చిన నకలు కాదు. పశ్చిమ ఐరోపాలో అదే కాలంలో సాగిన ప్రయోగాలకు దాయాది వంటిది. అయితే దానికి డబ్బు సమకూరిన తీరు, దాని యాజమాన్యం మాత్రం పశ్చిమానికీ తూర్పుకూ రెంటికీ భిన్నమైనవి, పాడుబడటం గురించి మీరు అడిగిన మూడో ప్రశ్నకు సమాధానం అక్కడే ఉంది.

1950 నాటి చట్టంతో కర్మాగారాల నిర్వహణ కార్మిక మండళ్ల చేతికి వచ్చింది. 1955 నుంచి మున్సిపాలిటీని, అంటే అక్కడి మాటలో 'ఒప్ష్టినా'ను, పాలనకే కాక ఆర్థిక వ్యవస్థకూ మూలఘటకంగా తీర్చిదిద్దారు. రాజధానికి దూరంగా ఉన్న చిన్న ఊరి మీద కూడా దీని ప్రభావం బలంగా పడింది. సెర్బియాలో ఏ మోస్తరు పట్టణానికి వెళ్లినా నడిబొడ్డున దాదాపు ఒకే సరంజామా ఎదురవుతుంది. ఒప్ష్టినా భవనం, ఖాతాల తనిఖీ సంస్థ ఎస్‌డీకే కార్యాలయం, పోస్టాఫీసు, 'రోబ్నా కుచా' అనే పెద్ద బట్టల, సామాన్ల దుకాణం, సాంస్కృతిక భవనం, ఒక హోటల్, వాటి మధ్య నుంచి ఒంటరిగా లేచే 'సొలిటేర్' అనే నివాసగోపురం. ఒట్టొమన్ తుర్కుల కాలం నుంచి వచ్చిన చార్షియాను, అంటే కింద దుకాణమూ పైన ఇల్లూ ఉండే పొట్టి కట్టడాల బజారు వీధిని, కొంత కూల్చి, కొంత పక్కకు నెట్టి ఈ సరంజామాను అమర్చారు. చాలా ఊళ్లలో ఇది అతుకుల బొంతలాగే మిగిలిపోయింది. ఒక్కో భవనాన్ని ఒక్కో సంస్థ, ఒక్కో దశాబ్దంలో, తన ఇష్టానికి కట్టుకుంది. ఉజిత్సే ప్రత్యేకత ఏమిటంటే, అక్కడ పట్టణ కేంద్రాన్ని ఒకే చేయి, ఒకే ఆలోచనతో కూర్చింది.

ఇంత శ్రద్ధకు కారణం చరిత్ర. 1941 సెప్టెంబరు 24న తర్వాత యుగోస్లావియాను ఏలిన కమ్యూనిస్టు నేత టిటో నాయకత్వంలోని పార్టిజాన్లు, అంటే నాజీలను ఎదిరించిన గెరిల్లాలు, ఈ ఊళ్లోకి వచ్చారు. నవంబరు 29న జర్మన్లు తిరిగి ఆక్రమించేవరకు 67 రోజుల పాటు చుట్టుపక్కల ప్రాంతాన్ని కలుపుకొని 'ఉజిత్సే రిపబ్లిక్' నడిచింది. అన్ని వైపులా నాజీ ఆక్రమణ ఉన్న 1941లో పత్రిక అచ్చువేసుకుంటూ, రైళ్లు నడుపుకుంటూ, తుపాకులు తయారుచేసుకుంటూ ఒక విముక్త ప్రాంతం నిలవడం చిన్న విషయం కాదు. నేషనల్ బ్యాంకు భవనంలో ప్రధాన స్థావరం పెట్టుకున్నారు, దాని కింద ఉన్న సొరంగపు గదుల్లో ఆయుధాల కర్మాగారం నడిపారు. నవంబరు 22న అక్కడ జరిగిన పేలుడులో వందమందికి పైగా చనిపోయారు. ఆ భవనమే ఇప్పుడు మ్యూజియం. యుద్ధం ముగిశాక ఊరి పేరును టిటోవో ఉజిత్సేగా మార్చారు, 1992లో మళ్లీ పాత పేరు పెట్టారు. అంటే కొత్త రాజ్యం తన పుట్టుక కథలో ఈ ఊరికి మొదటి అధ్యాయంలో చోటిచ్చింది. దాని నడిబొడ్డును ఎలా పడితే అలా వదిలేయడం కుదరదు.

అయితే ఇటువంటి సందర్భాల్లో రాజ్యాలు సాధారణంగా చేసే పని వేరు. విశాలమైన ఖాళీ మైదానం పరిచి, చివర ఒక ఎత్తైన వేదిక కట్టి, కవాతు చూసే ఏర్పాటు చేస్తాయి. బెల్‌గ్రేడ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఆర్కిటెక్ట్ స్టాంకో మాండిచ్ ఆ పని చేయలేదు. తిరుగుబాటుకు ఇరవై ఏళ్లు నిండిన 1961లో ప్రారంభమైన ట్ర్గ్ పార్తిజానా, అంటే పార్టిజాన్ల చౌక్, ఒక్క చూపులో మొత్తం చిక్కే స్థలం కాదు. భవనాలను ఒకే గోడగా నిలపకుండా ముందుకూ వెనక్కూ జరిపి, పొట్టివాటిని పొడవైనవాటి పక్కన ఉంచి, నేల మట్టాన్ని మెట్లతో, అరుగులతో విరిచి, నడిచేవాడికి అడుగడుగునా కొత్త మూల కనిపించేలా కూర్చాడు. చుట్టూ నివాస భవనాలు, కింద దుకాణాలు, మరో హోటల్, నాటకశాల, గ్రంథాలయం ఉన్నాయి. అధికారం కోసం కట్టిన భవనం అక్కడ ముఖ్యపాత్ర కాదన్నది గమనించండి. సాయంత్రం కాగానే ఊరు ఊరంతా నడకకు వచ్చే అలవాటు బాల్కన్ పట్టణాలన్నిటికీ ఉంది. మాండిచ్ ఆ నడకకు చోటు కల్పించాడు. కవాతు అవసరమైన రోజున కవాతూ జరుగుతుంది, మిగిలిన రోజుల్లో పిల్లలు సైకిళ్లు తొక్కుకుంటారు.

దీన్ని నేను ఇంతగా మెచ్చుకోవడానికి కారణం, ఆధునిక వాస్తుశిల్పం మీద తరచూ వినిపించే ఆరోపణకు ఇది మంచి జవాబు కావడమే. భవనాలను విడివిడి వస్తువులుగా ఖాళీలో నిలబెట్టి, వాటి మధ్య స్థలాన్ని గాలికి వదిలేశారన్నది ఆ ఆరోపణ, చాలాచోట్ల అది నిజం కూడా. ఇక్కడ మాత్రం భవనాలు ఒక్కొక్కటిగా చూస్తే మామూలుగానే ఉంటాయి. తిన్నని గోడలు, సాదా కిటికీలు, అక్కడక్కడ రాయి, ఎక్కువగా గిలాబు. వాటిలో ఏ ఒక్కదాని ఫోటో తీసినా మీ స్నేహితులు రెండోసారి చూడరు. గొప్పతనమంతా వాటి మధ్య ఉన్న గాలిలో, దూరాల్లో, ఎత్తుల నిష్పత్తిలో ఉంది. అందుకే ఇంటర్నెట్‌లో హోటల్ ఫోటోలు వేలకొద్దీ తిరుగుతుండగా చౌక్ ఫోటోలు అరుదుగా కనిపిస్తాయి. నడిస్తే తప్ప అర్థం కాని పనికి కెమెరా న్యాయం చేయలేదు.

1961 అన్న సంవత్సరం మనకు కూడా మరో విధంగా గుర్తుండాలి. ఆ సెప్టెంబరులోనే బెల్‌గ్రేడ్‌లో అలీన దేశాల తొలి శిఖరాగ్ర సమావేశం జరిగింది, నెహ్రూ దానికి హాజరయ్యారు. యుగోస్లావియాకు తన మీద తనకు నమ్మకం బాగా ఉన్న ఏడాది అది. చౌక్‌లో కనిపించే నింపాదితనానికి ఆ నమ్మకంతో సంబంధం ఉందని నా ఊహ.

చౌక్‌లో ఒకప్పుడు ఫ్రానో క్ర్షినిచ్ మలిచిన టిటో విగ్రహం ఉండేది, 1991లో దాన్ని తొలగించారు. ఇప్పుడది మ్యూజియం ఆవరణలో ఉంది, వెతికి చూడండి. పెద్ద విగ్రహాన్ని చిన్న పెరట్లో, దాదాపు ముఖాముఖిగా చూడటం విచిత్రమైన అనుభవం. తిరిగి పాత చోట పెట్టాలా వద్దా అన్న రాజకీయ చర్చలోకి నేను వెళ్లను. వాస్తుశిల్పపరంగా చెప్పదగినది ఒకటుంది. విగ్రహం కేంద్రంగా కట్టిన చౌకులు చాలావరకు విగ్రహం పోగానే పళ్లూడిన నోరులా మిగిలిపోయాయి. ఇక్కడ కూర్పు ఒక్క బిందువు మీద ఆధారపడలేదు గనుక చౌక్ ఇంకా చౌక్‌గానే ఉంది. అయినా ఆ లోటు కంటికి తెలుస్తుంది. చూపు ఒకచోట ఆగాలని ఎదురుచూసి, ఆగకుండా జారిపోతుంది.

ఇక హోటల్ జ్లాటిబోర్. 1981లో పూర్తయిన ఈ కాంక్రీటు గోపురానికి ఆర్కిటెక్ట్ స్వెత్లానా కానా రాదేవిచ్. మాంటినెగ్రోలోని చెతిన్యేలో 1937లో పుట్టిన ఆవిడ బెల్‌గ్రేడ్‌లో చదువుకున్నారు. ముప్పై ఏళ్ల వయసుకే పూర్తిచేసిన హోటల్ పోద్గోరిత్సాకు 1968లో యుగోస్లావియా అంతటికీ కలిపి ఇచ్చే బోర్బా వాస్తుశిల్ప పురస్కారం దక్కింది. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆవిడే. తర్వాత అమెరికాలో ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ లూయీ కాన్ వద్ద చదివి, టోక్యోలో జపాన్ ఆర్కిటెక్ట్ కిషో కురోకావా కార్యాలయంలో పనిచేశారు. 2021 వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో ఆవిడ పని మీదే ప్రత్యేకంగా ఒక ప్రదర్శన ఏర్పాటు చేశారు. అంతకు రెండు మూడేళ్ల ముందు న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం యుగోస్లావ్ వాస్తుశిల్పం మీద పెద్ద ప్రదర్శన పెట్టినప్పటి నుంచి ఈ భవనాలను వెతుక్కుంటూ వచ్చేవారు బాగా పెరిగారు.

హోటల్ పోద్గోరిత్సాను దీని పక్కన పెట్టి ఆలోచిస్తే ఉజిత్సే హోటల్ బాగా అర్థమవుతుంది. మాంటినెగ్రో రాజధాని పోద్గోరిత్సాలోది పొట్టిగా, మొరాచా నది గట్టున ఒదిగి, ఆ నదిలోని గులకరాళ్లనే గోడల్లో పొదుగుకున్న కట్టడం. ఆ నేల నుంచే లేచినట్టుంటుంది. ఉజిత్సేలోది అందుకు పూర్తిగా విరుద్ధం. జెతిన్యా నది లోయ ఇరుకుగా ఉన్నచోట, దిగువన బలమైన కాంక్రీటు ఆనుగోడలతో మొదలై, పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతూ, కొండలతో పోటీపడే ఎత్తుకు లేస్తుంది. రాకెట్ అన్న పోలిక అందరూ వాడుతున్నదే గాని, నాకైతే దానిలో లూయీ కాన్ బరువూ, టోక్యోలో చూసిన గోపురాల ధైర్యమూ కలిసి కనిపిస్తాయి. అంతటి గోపురం అవసరమా అంటే, లోయలో సమతల నేల తక్కువ కాబట్టి నిలువుగా కట్టడానికి కారణం ఉంది. ఊరి సొలిటేర్లు కూడా అందుకే కొండవాలుల మీదికి ఎక్కాయి. 1976లో 476 కిలోమీటర్ల బెల్‌గ్రేడ్–బార్ రైలుమార్గం ఈ ఊరి మీదుగా తెరుచుకోవడంతో, ఒకప్పుడు 760 మిల్లీమీటర్ల చిన్న పట్టాల బండితో సర్దుకున్న పట్టణం సముద్రానికి వెళ్లే ప్రధాన మార్గం మీదకు వచ్చింది. ప్రయాణికులు వస్తారు, ఆగుతారు, ఖర్చుపెడతారు అన్న లెక్క మీదే అంత పెద్ద హోటల్ తలపెట్టారు.

లెక్క తప్పింది. టిటో 1980 మే 4న మరణించాడు. విదేశీ అప్పుల భారం మీద పడి, 1980ల ఆరంభంలో పెట్రోలుకు కూపన్లు ఇవ్వాల్సిన పరిస్థితి వచ్చింది. అంటే ఈ హోటల్ తలుపులు తెరిచేసరికే దాన్ని ఊహించిన కాలం గడిచిపోయింది. 1990లలో యుద్ధాలు, ఆంక్షలు. నేను దీన్ని గొప్ప శిల్పంగా ఒప్పుకుంటాను. పట్టణంలో ఒక భాగంగా చూస్తే మాత్రం అంత గొప్పదనుకోను. దాని పాదాల దగ్గర నడిచేవాడికి అది ఇచ్చేది తక్కువ, దూరం నుంచి చూసేవాడికి ఇచ్చేది ఎక్కువ. చౌక్ విషయంలో దీనికి తలకిందులు. ఈ తీర్పుతో ఏకీభవించని మిత్రులు నాకు చాలామంది ఉన్నారు, మీరూ మీ కళ్లతో చూసి తేల్చుకోండి. ఇదే కోవలో సెర్బియాలో మరొక హోటల్ చూడాలనిపిస్తే నోవి పజార్‌లోని హోటల్ వ్రబాక్ ఉంది. 1970లలో తోమిస్లావ్ మిలొవానొవిచ్ గీసిన ఆ భవనం రష్కా నది మీద అడ్డంగా కూర్చుని, కాంక్రీటులో ఒట్టొమన్ రూపాలతో ఆడుకుంటుంది. ముసిముసి నవ్వు తెప్పించే కట్టడం అది, ఉజిత్సే హోటల్‌కు లేని గుణం.

పాడుబడటం గురించి రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి పదార్థానికి సంబంధించినది. గిలాబు లేని కాంక్రీటు ఎప్పటికీ నిలిచే రాయి వంటిదని ఆ కాలంలో అందరూ, పశ్చిమంలో వాళ్లు కూడా, నమ్మారు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి కాంక్రీటులోకి ఇంకుతుంటే దాని క్షారగుణం తగ్గుతుంది, లోపలి ఇనుప చువ్వలకు ఉన్న రక్షణ పోతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి పై పొరను పెచ్చులుగా రాలగొడుతుంది. ఉజిత్సే వంటి కొండ ఊళ్లో బీటల్లోకి దిగిన నీరు చలికాలంలో గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టి ఆ పనిని వేగిరం చేస్తుంది. దీనికి వైద్యం లేకపోలేదు. రాలిన పొర తీసి, చువ్వలు శుభ్రం చేసి, పూత వేసి, తగిన మసాలాతో పూడ్చడం ఎప్పటి నుంచో తెలిసిన పనే. పైకప్పు నీరు కారకుండా, వాననీటి గొట్టాలు మూసుకుపోకుండా చూసుకున్నా సగం సమస్య రాదు. అయితే ఆ పని చేయించాల్సింది ఎవరు?

రెండో సంగతి అక్కడ మొదలవుతుంది, నా దృష్టిలో అదే పెద్దది. ఈ నివాస భవనాల్లోని ఫ్లాట్లు వాటిలో ఉన్నవారి సొంతం కావు, రాజ్యానివీ కావు. 'సామాజిక ఆస్తి' అన్న పేరుతో సంస్థల అధీనంలో ఉండేవి. పక్కనే ఉన్న సెవోయ్నో రాగి, అల్యూమినియం కర్మాగారం వంటి సంస్థల కార్మికులు జీతం నుంచి గృహనిధికి వాటా చెల్లించేవారు. సంస్థ ఫ్లాట్ కేటాయిస్తే అందులో జీవితాంతం ఉండే హక్కు వచ్చేది. 1990ల ఆరంభంలో ఆ ఫ్లాట్లను ఉన్నవారికే అమ్మేశారు. ద్రవ్యోల్బణం పుణ్యమా అని చాలామందికి అవి నామమాత్రపు ధరకు దక్కాయి. లోపలి గది ప్రతి ఒక్కరికీ సొంతమైంది. మెట్లదారి, కప్పు, బయటి గోడ, లిఫ్టు ఎవరికీ కాకుండా పోయాయి. అదే సమయంలో వాటిని చూసుకున్న సంస్థలు దివాలా తీశాయి. దాంతో ఎవరి బాల్కనీకి వారు గాజు బిగించుకున్నారు, ఎవరి కిటికీ వారు ప్లాస్టిక్ చట్రంతో మార్చుకున్నారు, ఏసీ పెట్టెలు గోడ నిండా వేలాడాయి. హైదరాబాదులో పాత అపార్ట్‌మెంట్ సంఘం సమావేశానికి ఎప్పుడైనా వెళ్లి ఉంటే, కప్పు మరమ్మతుకు డబ్బు వసూలు చేయడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కరలేదు. సెర్బియాలో 2016లో వచ్చిన చట్టం ప్రతి నివాస భవనానికీ ఒక నిర్వాహకుడు ఉండాలని నిర్దేశించింది. అది మంచి అడుగే గాని, పాతికేళ్ల ఆలస్యం.

ఇప్పుడొస్తున్న కొత్త ముప్పు మరమ్మతు పేరుతోనే వస్తోంది. వేడి నిలిచేందుకు బయటి గోడలకు థర్మాకోల్ పలకలు అతికించి, పైన లేత రంగు గిలాబు పూస్తున్నారు. లోపల ఉండేవారికి చలికాలపు ఖర్చు తగ్గుతుంది, ఆ అవసరాన్ని కాదనే హక్కు మనకు లేదు. అయితే కిటికీ చుట్టూ ఉన్న లోతు, గోడ మీద రాయికీ గిలాబుకీ మధ్య ఉన్న గీత, పిట్టగోడ అంచు, ఇవన్నీ ఆ పలకల కింద మాయమవుతాయి. ఆర్కిటెక్టుకు ఫోన్ చేయకుండానే భవనం ముఖం మారిపోతుంది. మాండిచ్ చౌక్ వంటి చోట, నిష్పత్తులే సర్వస్వమైనప్పుడు, పది సెంటీమీటర్ల మందం కూడా చిన్న విషయం కాదు. లోపలి వైపు నుంచి వేడి నిలిపే పద్ధతులు ఉన్నాయి. ఖర్చు ఎక్కువ, గది కొంచెం చిన్నదవుతుంది. ఎంపిక చేసిన కొన్ని భవనాలకైనా ఆ అదనపు ఖర్చును ప్రభుత్వమే భరించాలన్నది నా వాదన.

భద్రత మాట అడగలేదు గాని చెబుతాను. 1963 జులై 26న స్కోప్యేను కూల్చిన భూకంపంలో వెయ్యిమందికి పైగా పోయాక, మరుసటి ఏడాది నుంచే యుగోస్లావియాలో భూకంపాలను తట్టుకునే నిర్మాణ నియమాలు కఠినమయ్యాయి. బ్రాంకో జెజెల్ 1950లలో రూపొందించిన, స్తంభాలనూ స్లాబులనూ బిగువు తీగలతో పట్టి ఉంచే పద్ధతిని ఆ దేశం క్యూబా దాకా ఎగుమతి చేసింది. కాబట్టి రాలిన పెచ్చులు చూసి భవనమే కూలుతుందని భయపడకండి. బాల్కనీల కింద మాత్రం ఎక్కువసేపు నిలబడకండి.

ఒక్క రోజే ఉంటే, పొద్దున్నే మ్యూజియంతో మొదలుపెట్టండి. సొరంగపు గదులు, పెరట్లోని విగ్రహం చూశాక చౌక్‌లోకి ప్రధాన వీధి వైపు నుంచి కాకుండా పక్క సందుల్లోంచి, వీలైతే రెండు మూడు వేర్వేరు దారుల్లో ప్రవేశించండి. మధ్యాహ్నం ఊరికి 14 కిలోమీటర్ల దూరంలోని కదిన్యాచా కొండకు వెళ్లండి. 1941 నవంబరు 29న కార్మికుల దళం నిలిచి పోరాడి నశించిన ఆ చోట, శిల్పి మియోద్రాగ్ జీవ్కోవిచ్, ఆర్కిటెక్ట్ అలెక్సాందర్ జోకిచ్ కలిసి చేసిన తెల్లని స్మారకం 1979లో ఆవిష్కృతమైంది. తిరిగివచ్చాక, వెలుతురు ఉండగానే, పాత కోట దగ్గరికి నది వెంట నడవండి. 1900లో టెస్లా పద్ధతిలో మొదలైన చిన్న జలవిద్యుత్ కేంద్రం ఆ దారిలోనే ఉంది. హోటల్ కోసం ప్రత్యేకంగా సమయం కేటాయించనక్కరలేదు. ఊళ్లో ఎటు తిరిగినా అది కనిపిస్తూనే ఉంటుంది. సాయంత్రం నడక వేళకు మళ్లీ చౌక్‌కు వచ్చి ఒక అరుగు మీద గంటసేపు కూర్చుంటే, నేను పైన ఇంత పొడుగున చెప్పినదాంట్లో ఎంత నిజమో మీరే చూడవచ్చు. వెళ్లొచ్చాక మీకు హోటలే నచ్చిందంటే కారణాలు రాయండి, చర్చిద్దాం.